కోటు మర్చిపోకండి

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగు, ఫిబ్రవరి పంతొమ్మిది, మంగళవారం. ఆ మధ్యాహ్నం వెర్న్ తిన్నది సగం పాస్టీ, అదీ తనది కాదు, గనిలో జతగాడు టోయివోది. గొడ్డు మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ కూరిన పెద్ద కజ్జికాయలా ఉండేది అది. ఎవడిది వాడికి తెలియాలని ఒక మూలన పిండితోనే అక్షరం చేసి అతికించేది టోయివో పెళ్ళాం ఇర్యా. ఆ విద్య ఆమెకు నేర్పింది వెర్న్ వాళ్ళమ్మే. గని అడుగున, తొమ్మిదో లెవెల్లో, దూలం మీద పక్కపక్కన కూర్చుని టోయివో దాన్ని విరిచి, అక్షరం ఉన్న పెద్ద ముక్క వెర్న్ చేతిలో పెట్టాడు. 'తినరా. నీ పెళ్ళానికి ఏడో నెల, పొయ్యి దగ్గర నిలబడలేదు, నువ్వు రొట్టె ముక్క నములుతుంటే నాకు దిగదు. నా పేరుతో సహా మింగెయ్' అన్నాడు. వెర్న్ మింగాడు. మిరియాలు ఎక్కువయ్యాయని కూడా అన్నాడు. ఇప్పటికీ నాలుక మీద ఆ మిరియాల ఘాటు ఉంది, నలభై అయిదేళ్ళయినా, భార్య రూత్ పోయిన ఆరేళ్ళకే ఆమె చేతి వంట రుచి చెరిగిపోయింది గానీ ఇది పోలేదు. మనిషి నాలుకకు న్యాయం ఉండదు కాబోలు.

బార్ గోడ గడియారం అయిదు కొట్టింది. అది ఎప్పుడూ ఏడు నిమిషాలు వెనక నడుస్తుంది, ఎవరూ దిద్దరు. కొరోనెట్ హోటల్లో దిద్దిన వస్తువంటూ లేదు, అందుకేగా వేసవిలో జనం ఫోటోలు తీసుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో ఈ సోరెల్ ఊరికి వచ్చేది. పూలు అచ్చొత్తిన రేకు పైకప్పు నూట ముప్పై ఏళ్ళ పొగకి తేనె రంగు తిరిగింది, కాళ్ళు ఆనించుకునే ఇత్తడి కడ్డీ మధ్యలో బూట్ల రాపిడికి సన్నబడింది, అద్దం అంచులు నల్లబడ్డాయి, అందులో ఎవరిని చూసినా నూతిలోంచి చూస్తున్నట్టుంటుంది. ఇప్పుడు బయట మంచు, లోపల పొయ్యి, పొయ్యి పక్క బల్ల దగ్గర ముక్కుకు గొట్టం, కాళ్ళ దగ్గర ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకుని ఒంటరిగా పేకముక్కలు పేర్చుకుంటున్న స్టీపే. గని దుమ్మంతా ఊపిరితిత్తుల్లో దాచుకున్నాడు, డెబ్బై ఆరేళ్ళు, నోరు మాత్రం ఇరవై దగ్గరే ఆగిపోయింది. బెర్నీ అడక్కుండానే గ్లాసు తెచ్చి వెర్న్ ఎడమ చేతి వైపు పెట్టింది, కుడి భుజం పైకి లేవదని ఆమెకి తెలుసు. ఇలాంటివే, ఇలాంటి చిన్న చిన్నవే మనిషిని బతికిస్తాయి అనుకున్నాడు వెర్న్. గ్లాసు ఎడమ వైపు పెట్టడం. పొయ్యి వేడి వీపుకు తగిలే చోట స్టూలు ఉంచడం. ఆ పక్క స్టూలు మీద ఎవరూ కూర్చోకపోవడం, అది టోయివోది కదా, ఊరు మర్చిపోలేదు, ఎంత రద్దీ ఉన్నా ఆ స్టూలు ఖాళీగానే ఉంచుతారు.

'ఇవాళ త్వరగా వచ్చారు మాస్టారూ' అంది బెర్నీ. ఆమె పదిహేనేళ్ళప్పుడు వెర్న్ దగ్గర భూగోళం చదువుకుంది, నదుల పేర్లు ఎప్పుడూ తప్పే చెప్పేది. ఇప్పుడు యాభై ఆరు, ఈ బార్ నడుపుతోంది, అంతకుముందు వాళ్ళ నాన్న డెస్ నడిపాడు. 'ఆరింటికి ఒకరొస్తానన్నారు' అన్నాడు వెర్న్. 'ఎవరో ఆడమనిషే అయుంటుంది, గడ్డం గీసుకున్నాడు' అన్నాడు స్టీపే, తల ఎత్తకుండా. 'సగం చెంపే గీసుకున్నావు మాస్టారూ, రెండో సగం ఆవిడ గీస్తుందా.' వెర్న్ నవ్వాడు. చెంప తడుముకున్నాడు. నిజమే, ఎడమ దవడ కింద తెల్ల వెంట్రుకలు గరగరలాడాయి. రూత్ ఉంటే గడప దగ్గరే ఆపి చూపించేది.

రూత్‌కి చెప్పలేదు. నలభై ఏళ్ళు పక్కన పడుకుని చెప్పలేదు. చివరి వారంలో ఒక తెల్లవారుజామున ఆమె అతని చేయి పట్టుకుని 'ఏదైనా చెప్పాలా వెర్న్' అని అడిగింది, అదేదో అన్నం తిన్నావా అన్నట్టు మామూలుగా, అతను 'నీళ్ళు తాగుతావా' అన్నాడు. ఆమె తాగింది. దాహం లేకపోయినా తాగింది. అదీ ఒక దయే. ఇప్పుడు జేబులో కారిన్ ఉత్తరం. టోయివో కూతురు, అప్పటికి మూడేళ్ళది, పచ్చ కామెర్లొచ్చి తగ్గిన పిల్ల, తండ్రి భుజాల మీదెక్కి హోటల్ ముందు మంచులో ఊరేగేది. 'అమ్మ నవంబరులో పోయింది. ఈ వేసవిలో హోటల్ ముందు కొత్త రాతిపలక పెడుతున్నారట, గనిలో పోయిన వాళ్ళందరి పేర్లూ చెక్కుతారట. నాన్న పేరు జాబితాలో లేదు. నియమం మీరి సొంత తప్పుతో పోయినవాళ్ళని చేర్చరట. చివరిసారి ఆయన్ని చూసింది మీరే. ఒక్క మాట అడగాలి. పంతొమ్మిదిన ఆరింటికి కొరోనెట్ బార్‌కి వస్తాను.' అంతే. కింద పేరు. అక్షరాలు అచ్చం తల్లి ఇర్యావే, నిటారుగా, ముగ్గులో చుక్కల్లా దూరం దూరంగా.

వారం రోజులుగా ఆ మాట నోట్లో తిప్పుతున్నాడు. బిళ్ళ తిప్పింది నేను, కారిన్. ఇంతే, నాలుగు ముక్కలు, వీటికి వారం ప్రాక్టీసు ఎందుకో. అద్దంలో తన పెదవులు కదలడం చూసి గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు. బిళ్ళ అంటే ఇత్తడి బిళ్ళ, రూపాయంత, దాని మీద నంబరు. టోయివోది రెండు వందల పదకొండు, తనది రెండు వందల పన్నెండు. గని నోటి దగ్గర చెక్క పలక, పలక మీద మేకులు, పై వరస లోపలున్న వాళ్ళది, కింది వరస బయటికొచ్చిన వాళ్ళది. దిగేటప్పుడు పైన తగిలించాలి, ఎక్కొచ్చాక కిందికి మార్చాలి, ఎవడి బిళ్ళ వాడే. అది కంపెనీ నియమం. గనివాళ్ళ నియమం వేరు. తొమ్మిదో లెవెల్ చివర పాత నిచ్చెన దారి ఒకటుండేది, అది ఎక్కితే ఈ హోటల్ వెనక కట్టెల కొట్టం దగ్గర తేలతారు. షిఫ్టు అయిపోవడానికి గంట ముందే దాహం వేసినవాడు ఆ దారిన జారుకుంటాడు, జతగాడు మామూలు దారిన లిఫ్టులో పైకొచ్చి తన బిళ్ళతో పాటు వాడి బిళ్ళా కిందికి మార్చేస్తాడు. బిళ్ళ తిప్పడమంటే అదే, ఈ ఊళ్ళో స్నేహమన్నా అదే. పెళ్ళిలో తోడు నిలబడటం కన్నా పెద్దది. 'నా బిళ్ళ చూడరా' అంటే చాలు. ఆ రోజు టోయివో పాస్టీ గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంటూ అదే అన్నాడు, 'నా బిళ్ళ చూడరా, డెస్‌తో నీకూ ఒకటి పోయించి ఉంచుతా.' చొక్కా మీద స్వెట్టర్ ఒక్కటే ఉంది ఒంటి మీద. నిచ్చెన దారి చీకట్లోకి వంగి నడుస్తూ ఈల వేసుకుంటూ వెళ్ళాడు, శ్రుతి లేని ఈల, ఆ ఈల ఎక్కడ ఆగిందో వెర్న్‌కి తెలియదు.

అయిదున్నర. బెర్నీ కిటికీ దగ్గరికెళ్ళి మంచు ఎంత పేరుకుందో చూసొచ్చింది. ఆ రోజు కూడా వెర్న్ అయిదున్నరకే వచ్చాడు ఇక్కడికి, రెండు బిళ్ళలూ కిందికి మార్చి, నీళ్ళు పోసుకుని, తల తడిగానే. కౌంటర్ మీద రెండు గ్లాసులు పోసి ఉన్నాయి, అలవాటు చొప్పున. స్టూలు ఖాళీ. 'ఏడీ' అన్నాడు. 'నువ్వే చెప్పాలి' అన్నాడు డెస్. మిల్లు వీధిలో పేకాట దగ్గర ఆగుంటాడనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు, ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలడు, కనీసం మొదటి గ్లాసు అయ్యేదాకా. తర్వాత సైరన్ మోగింది. తొమ్మిదో లెవెల్లో దూలాలు అంటుకున్నాయన్నారు, పొగ నిచ్చెన దారిలోకి ఎక్కుతోందన్నారు. ఆరున్నరకి ఫోర్‌మన్ గ్రిమ్‌షా మంచు బూట్లతోనే లోపలికొచ్చి, ఈ గడప దగ్గరే, ఇప్పుడు గొడుగులు పెట్టే చోటే నిలబడి అడిగాడు, 'పలక మీద బిళ్ళలన్నీ కింది వరసలోనే ఉన్నాయి. తొమ్మిదిలో ఎవడూ లేనట్టే కదా. గోడ కట్టి గాలి ఆపేస్తున్నాం. ఎవడికైనా అనుమానం ఉంటే ఇప్పుడే చెప్పండి.' ఎంతసేపు నిలబడ్డాడు. పది లెక్కపెట్టేంత. ఆ పదిలో వెర్న్ చాలా ఆలోచించాడు. జతగాడి బిళ్ళ తిప్పినవాడికి ఆ క్షణమే ఉద్యోగం పోతుంది, ఈ లోయలో ఏ గనీ మళ్ళీ పనివ్వదు, రూత్‌కి ఏడో నెల, టోయివో తప్పకుండా మిల్లు వీధిలోనే ఉన్నాడు, పేకాటలో గెలుస్తుంటే సైరన్ కూడా వినపడదు వాడికి. ఎనిమిది, తొమ్మిది. గ్లాసు అడుగున నురుగు ఉంగరంలా అంటుకుని ఉంది. పది. తలుపు మూసుకుంది. పన్నెండో రోజు గోడ పగలగొడితే టోయివో గోడకి నాలుగడుగుల దూరంలో దొరికాడు, గోళ్ళు లేవు.

అది తల్చుకోకూడదు. ఇంకోటి తల్చుకోవాలి. ఆ మార్చిలో ఊళ్ళో ఎవరూ సరిగ్గా పలకరించని రోజుల్లో ఒకసారి ధైర్యం చేసి బార్‌కొచ్చాడు, ఎవరూ మాట్లాడలేదు, తాగి లేచి తలుపు దాకా వెళ్ళాడు, అప్పుడు వెనక నుంచి డెస్ గొంతు, 'కోటు మర్చిపోకు వెర్న్.' కోటు ఒంటి మీదే ఉంది. అయినా ఆ మాటకి గుండె కరిగి దారి పొడుగునా ఏడ్చుకుంటూ ఇంటికెళ్ళాడు. తర్వాత అందరికీ అలవాటైంది. ఎవరు ముందు చూస్తే వాళ్ళు, కోటు మర్చిపోకు వెర్న్, టీచరయ్యాక కోటు మర్చిపోకండి మాస్టారూ, జూలైలో చెమట కారుతున్నా సరే, స్టీపే అయితే వీధి అవతల నుంచి కూడా కేకేసేవాడు. రూత్ నవ్వేది, 'ఊరంతా నీ కోటు చూసుకుంటోంది, ఇక నాకేం పని' అని. కష్టంలో ఉన్నవాడికి ఊరు కప్పిన దుప్పటి ఆ మాట. ఇర్యా కూడా ఒకసారి అంది. ఏప్రిల్‌లో, రూత్‌కి పుట్టిన బిడ్డ ఊపిరి తీసుకోకుండానే పోయిన వారం, గిన్నెలో చేపల పులుసు తెచ్చి గుమ్మంలో పెట్టి, లోపలికి రమ్మంటే రాకుండా, 'చలిగా ఉంది, కోటు వేసుకో వెర్న్' అంది. అప్పటికే ఈ హోటల్ దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతుకుతోంది. మొగుడిదే తప్పని రాశారు కాబట్టి కంపెనీ పింఛను ఇవ్వలేదు. ముప్పై ఏళ్ళు ఉతికింది. ఈ కౌంటర్ మీద చేయి తుడుచుకున్న ప్రతి తువ్వాలూ ఆమె ఉతికిందే.

మొగుడిదే తప్పని రాయించింది ఎవరు. గ్రిమ్‌షా ఇంటికొచ్చి టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. 'బిళ్ళ బయట వరసలో ఉంది, మనిషి లోపల ఉన్నాడు. అంటే బయటికొచ్చి, బిళ్ళ మార్చి, చెప్పకుండా మళ్ళీ దిగి ఉండాలి. దేనికి దిగుంటాడంటావు?' శవం మీద స్వెట్టరే ఉంది. 'కోటు కోసమేమో' అన్నాడు వెర్న్. ఎవరూ చెప్పించలేదు, ఎవరూ బెదిరించలేదు, తన నోట్లోంచే వచ్చింది, బెల్లంముక్క జారినట్టు జారింది. గ్రిమ్‌షా రాసుకున్నాడు, చదివి వినిపించాడు, వెర్న్ కింద సంతకం పెట్టాడు. నాలుగూ నలభైకి బయటికొచ్చి కోటు మర్చిపోయానని మళ్ళీ లిఫ్టెక్కాడు, నేను కళ్ళారా చూశాను. ఆ సెప్టెంబరులో కంపెనీ ఖర్చుతో టీచర్ల కాలేజీకి వెళ్ళాడు. మంచి టీచరయ్యాడు. పిల్లల్ని ఒక్కసారి కూడా కొట్టలేదు.

చల్లగాలి వీపుకి తగిలింది. అద్దంలో, నూతి అడుగున, ఒకామె మంచు దులుపుకుంటూ వస్తోంది. ఆ ముఖంలో టోయివోని వెతికాడు, దొరికాడు, ఆ విశాలమైన దవడ, కళ్ళ మధ్య ఎడం. మగవాళ్ళ కోటేదో వేసుకుంది, చేతులు పొడుగై వేళ్ళ దాకా వచ్చాయి. బెర్నీ ఆమెకి తల ఊపింది, ఎరిగున్న వాళ్ళకి ఊపినట్టు. స్టీపే పేకముక్కలు కలపడం ఆపాడు.

'ఇక్కడ ఎవరైనా కూర్చుంటారా' అంది ఆమె, ఆ స్టూలు మీద చేయి వేసి.

'లేదమ్మా. కూర్చో.' నలభై అయిదేళ్ళలో ఆ స్టూలు కిర్రుమనడం అదే మొదటిసారి.

'నేను కారిన్‌ని. పొద్దు గడిపే మాటలు నాకు రావు, వెర్న్ గారూ. దారంతా మంచు, మళ్ళీ వెనక్కి పోవాలి. అడిగేస్తాను.' చేతులు ఒళ్ళో పెట్టుకుంది. 'మా నాన్న కోటు కోసం మళ్ళీ కిందికి దిగడం మీరు చూశారా?'

ఇదే. ఇదే ఆ మాటకి చోటు, వారం రోజులు సానబట్టిన నాలుగు ముక్కలు, బిళ్ళ తిప్పింది నేను, కారిన్. నోరు తెరిచాడు. నలభై అయిదేళ్ళు మనసు ఒక దారిన నడిచింది, నాలుక ఒక దారిన నడిచింది, నాలుక దారే బాగా అరిగి నునుపెక్కింది కాబోలు. 'చూశానమ్మా. నాలుగూ నలభైకి. కోటు మర్చిపోయానని మళ్ళీ లిఫ్టెక్కాడు. కళ్ళారా చూశాను.' ఒక్క అక్షరం పొల్లు పోలేదు. అయిపోయాక ఆ మాటలు కౌంటర్ మీద పడి ఉన్నట్టే కనబడ్డాయి, చిందిన బీరులా.

కారిన్ కుడి మోచేయి ఎత్తి కౌంటర్ మీద ఆనించింది. ఎరుపు నలుపు గళ్ళ ఉన్ని. మోచేతి దగ్గర ఆకుపచ్చ గుడ్డ అతుకు, పెద్ద పెద్ద కుట్లు. ఆ కుట్లు వేసిన రోజు కూడా గుర్తుంది, ఎర్రదారం లేక ఇర్యా నల్లదారంతో కుట్టిందని టోయివో వారమంతా వేళాకోళం చేశాడు.

'ఈ కోటేనా' అంది.

పొయ్యిలో కట్టె చిట్లింది.

'సోమవారం రాత్రి బాగా తాగి, నాన్న దీన్ని అదిగో ఆ కొక్కేనికే మర్చిపోయి వచ్చాడు. మంగళవారం స్వెట్టర్‌తోనే పనికెళ్ళాడని అమ్మ తిట్టింది కూడా. మీరు ఇక్కడ కూర్చుని తాగుతుంటే ఇది మీ వీపు వెనకే వేలాడుతోంది. విచారణ అయిన సాయంత్రం డెస్ గారు అమ్మకి తెచ్చి ఇచ్చారు.'

వెర్న్ కొక్కేల వైపు చూడలేదు. అద్దంలో కనబడుతూనే ఉన్నాయి, ఆరు ఇత్తడి కొక్కేలు, చివరి దానికి తన బూడిద రంగు కోటు. 'బిళ్ళ తిప్పింది నేను' అన్నాడు. ఎంత తేలిగ్గా వచ్చింది. 'నేనే తిప్పాను కారిన్. గోడ కడుతున్నారని తెలిసీ నోరు విప్పలేదు.'

'తెలుసు. అందరికీ తెలుసు.' ఆమె గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాడు. 'ఒక్కసారి అడిగి చూడమంది అమ్మ. నిజం చెబితే మీ చేతుల్ని పట్టుకోమంది. చెప్పకపోతే రెండోసారి అడగొద్దంది.'

'కాగితం ఉంటే ఇవ్వమ్మా. సంతకం పెడతాను. ఏం రాయమంటే అది రాస్తాను.'

'అక్కర్లేదు. కోటు ఆ రాత్రి ఇక్కడే ఉందని బెర్నీ గారు, స్టీపే గారు మధ్యాహ్నమే రాసిచ్చారు. వాళ్ళది చాలట. నాన్న పేరు చెక్కుతారు.' స్టూలు దిగింది. పొడుగు చేతులు రెండు మడతలు పైకి మడుచుకుంది, తండ్రి కోటుని తన కొలతకి తెచ్చుకున్నట్టు, ఆ పని నిదానంగా చేసింది. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. వెర్న్ కాళ్ళ మీదుగా చలి పాకింది.

తర్వాత స్టీపే గొట్టం సర్దుకుని, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కో మాట చొప్పున అన్నాడు. 'ఎన్నిసార్లు చెప్పాం మాస్టారూ. వెళ్ళేటప్పుడల్లా చెప్పాం. ఒక్కసారైనా వెనక్కి తిరిగి, ఏ కోటురా అని అడుగుతావని చూశాం. నువ్వేమో థాంక్స్ చెప్పేవాడివి.'

థాంక్స్ చెప్పేవాడు. అవును. జూలైలో కూడా. టోపీ ఎత్తి మరీ. ఇర్యాకి కూడా చెప్పాడు, చేపల పులుసు గిన్నె చేతిలో పట్టుకుని. దుప్పటి అనుకున్నది విప్పి చూస్తే ఎన్ని సూదులు. స్టూలు ఖాళీగా ఉంచింది టోయివో కోసం కాదు, తన పక్కన ఎవరికీ కూర్చోబుద్ధి కాక. మరి గ్లాసు ఎడమ వైపు పెట్టడం. అదొక్కటైనా. బెర్నీ వైపు చూశాడు, అదొక్కటైనా అని అడగబోయాడు, ఆమె వీపు తిప్పి సీసాలు తుడుస్తోంది.

'మరి మీరెందుకు చెప్పలేదు' అన్నాడు చివరికి. 'విచారణలో. అంతమంది చూశారు కదా కోటు.'

'నీకు కాలేజీ ఇచ్చారు' అన్నాడు స్టీపే. 'మాకు ఉద్యోగాలు ఉంచారు. డెస్‌కి ఈ బార్ ఉంచారు.' ఒక ముక్క తీసి చూసి మళ్ళీ బోర్లా పెట్టాడు. 'నిజం చెప్పే దమ్ము ఎవడికీ లేదు. ఎత్తిపొడవడానికి దమ్మెందుకు.'

ఏడయింది, ఏడున్నరయింది. చలికాలం మంగళవారాలు ఎనిమిదికే కట్టేస్తారు. స్టీపేని కొడుకు వచ్చి సిలిండర్‌తో సహా బండెక్కించుకుపోయాడు, పోతూ స్టీపే ఏమీ అనలేదు. వెర్న్ గ్లాసు కింద డబ్బు పెట్టి లేచాడు, స్టూలు దిగడానికి ఇత్తడి కడ్డీ మీద కాలు వెతుక్కున్నాడు, తలుపు దాకా ఎన్ని అడుగులో కాళ్ళకి తెలుసు, పదకొండు. ప్రతి అడుగుకీ వెనక నుంచి ఆ మాట వస్తుందని వీపు బిగబట్టుకున్నాడు. వస్తే బాగుండనుకున్నాడు. సూదైనా సరే, అలవాటైన సూది. తొమ్మిది, పది. రాలేదు. బయటి మెట్టు మీద కాలు పెట్టాక, మంచు మెడ మీద పడి చొక్కాలోకి కరిగి దిగాక తెలిసింది, కోటు లోపలే ఉండిపోయిందని.

వెనక్కి తిరిగాడు. తలుపు అద్దంలోంచి లోపల అంతా బంగారు రంగులో వెచ్చగా కనబడింది, పొయ్యి, గ్లాసులు, రేకు పూలు, చివరి కొక్కేనికి తన బూడిద రంగు కోటు. బెర్నీ తలుపు దగ్గరికి నడిచి వస్తోంది. అతన్ని చూసింది. ఒట్టి చొక్కాలో ఉన్న అతని భుజాలు చూసింది, తల తిప్పి కొక్కేన్ని చూసింది, మళ్ళీ అతన్ని చూసింది. తలుపు పట్టుకోవడానికి అతను ఎడమ చేయి చాపాడు. ఆమె గడియ వేసింది, పసిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లో వేసినట్టు, చప్పుడు కాకుండా.